తీయడం, పెట్టడం

మా బావమరిది తుపాకీ కొన్నాక నేను చేసిన మొదటి పని ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరవడం. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. లేకపోతే కింద రాసేదంతా ఒడ్డున కూర్చున్నవాడి నీతిబోధలా కనిపిస్తుంది.

మాది పెద్ద అంబర్‌పేట్. విజయవాడ హైవే ఔటర్ రింగ్ రోడ్డును కలిసే చోటు. ఒకప్పుడు ఇక్కడ ఎకరాల లెక్కన మాట్లాడుకునేవాళ్లు, ఇప్పుడు గజాల లెక్కన మాట్లాడుకుంటున్నారు. లెక్క మారాక గొంతులు కూడా మారాయి. మావాడు ప్లాట్ల వ్యాపారి. 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం మండలం కర్ణంగూడ దగ్గర ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులను కాల్చి చంపారు. ఆ రోజు వాడు సరిగ్గా అన్నం కూడా తినలేదు. తర్వాత లైసెన్సుకి పెట్టుకున్నాడు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు, చివరికి కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్ ఇంటికి తెచ్చాడు.

తుపాకీకి లక్ష మీద ఖర్చు పెట్టినవాడు దాని ఒరకు మాత్రం ఆరొందలు పెట్టాడు. రెక్సిన్ సంచీ, వెనక ఒక క్లిప్పు, అంతే. మా వీధి చివర ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. ఉద్యోగమంతా బెటాలియన్‌లో ఆయుధాల గదిలోనే గడిచింది. అందరం జమేదార్ సాబ్ అంటాం. ఆయనకు చూపిస్తే ముందు తూటాలన్నీ తీయించి పక్క గదిలో పెట్టించాడు. గదులు ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూశాడు, వేలితో తడిమి చూశాడు. అప్పుడు రివాల్వర్‌ని ఆ సంచీలో పెట్టి బయటినుంచి బొటనవేలితో నొక్కాడు. లోపల ట్రిగ్గర్ కదిలింది.

"ఇది ఒర కాదు బిడ్డా, కూరగాయల సంచి."

ఆ పూట ఆయన దగ్గర నేర్చుకున్నది నాకు బాగా గుర్తుంది, నాకు అక్కరలేని విద్య అయినా. మంచి ఒర ట్రిగ్గర్‌ని, దాని చుట్టూ ఉన్న కమ్మీని పూర్తిగా కప్పాలి. బయటినుంచి ఎంత నొక్కినా లోపలికి ఒత్తిడి పోకూడదు. తుపాకీ బయటికి తీశాక దాని నోరు మూసుకుపోకూడదు. మూసుకుపోతే మళ్లీ పెట్టేటప్పుడు ఎడమచేత్తో తెరిచి పట్టుకోవాల్సి వస్తుంది, అంటే సొంత చేతినే గొట్టం ముందు పెట్టడం. తోలు ఒర మంచిదేగానీ పాతబడి మెత్తబడితే అంచు మడతపడి లోపలికి దూరుతుంది, వేలు చేసే పని ఆ మడత చేస్తుంది. బెల్టు మందంగా ఉండాలి. ఖాళీ తుపాకీ పెట్టి తలకిందులుగా ఊపితే జారిపడకూడదు. కారులో కూర్చున్నప్పుడు గొట్టం ఎటు చూస్తోందో ఒకసారి వంగి చూసుకోవాలి. మావాడు చూసుకున్నాడు. తన తొడవైపే చూస్తోంది. మర్నాడే సంచీ మారింది. గట్టి తోలు, పైన గుండీతో పట్టీ. 2016 నాటి ఆయుధ నియమాలు కూడా చేతి తుపాకీని బయట మోసేటప్పుడు ఒరలో, కప్పి, అదుపులో ఉంచుకోవాలనే అంటాయి. నియమం రాసినవాళ్లకి రెక్సిన్ సంచీల సంగతి తెలుసో లేదో.

పట్టీ మావాడికి నచ్చలేదు. గుండీ విప్పడానికి టైమ్ పడుతుందని గొణిగాడు. అక్కడే స్టాప్‌వాచ్ వచ్చింది.

తీయడం ఎట్లాగో జమేదార్ సాబ్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఎడమచేత్తో చొక్కా ఎత్తాలి. కుడిచేయి పిడి మీద నిండుగా పడాలి, తుపాకీ ఇంకా ఒరలో ఉండగానే. బొటనవేలితో గుండీ. నిటారుగా పైకి. చూపుడువేలు పక్కన చాచి ఉండాలి, గురి కుదిరి, కాల్చాలని నిర్ణయం అయ్యేదాకా లోపలికి రాకూడదు. "ఆఖరున రావాల్సిన వేలు, సార్, అందరికంటే ముందు ఉరుకుతది," అన్నాడు నాతో. ఇక పెట్టడం: వేలు బయట ఉందో లేదో చూసుకుని, ఒర నోరు కళ్లతో చూస్తూ, నిదానంగా. "జల్ది తీసినోడికి ప్రైజ్ ఇస్తరేమో గానీ జల్ది పెట్టినోడికి ఎవ్వరియ్యరు."

మా వయసువాళ్లకి తీయడం అంటే 'మోసగాళ్లకు మోసగాడు'. 1971లో కృష్ణ గుర్రమెక్కి వచ్చాక, తర్వాత టూరింగ్ టాకీసుల్లో ఆ సినిమా చూసిన మా ఊరి పిల్లలం నడుముకి తువ్వాలు కట్టుకుని కొబ్బరిమట్ట ముక్కలు దోపుకున్నాం. ఎవడు ముందు తీస్తే వాడు గెలిచినట్టు. ఎవడు ముందు లోపల పెట్టాడని మేమెప్పుడూ లెక్క చూసుకోలేదు. కాబట్టి డాబా మీద మావాడు "బావా, జర టైమ్ చూడు" అన్నప్పుడు నాకేమీ తప్పనిపించలేదు. ఖాళీ తుపాకీ, తూటాలు కింద బీరువాలో. మొదట మూడు సెకన్లు దాటేది. వారం తిరిగేసరికి రెండు లోపలికి వచ్చింది. ఆ సాయంత్రం నేను చప్పట్లు కొట్టాను.

నెల తర్వాత ఒక రాత్రి తన వెంచర్‌లో హద్దురాళ్లు పీకుతున్నారని ఫోనొస్తే వెళ్లాడు. చీకట్లో ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. "ఎవడ్రా" అంటే జేబులో చెయ్యి పెట్టాడు. అప్పటికే తన చొక్కా ఎత్తి ఉందట, చెయ్యి పిడి మీద ఉందట. "నేను పెట్టలే బావా. అదే పోయింది." కంగారులో గుండీ దగ్గర బొటనవేలు జారింది. ఈలోగా కుర్రాడి జేబులోంచి వచ్చింది సెల్‌ఫోన్. పక్క ప్లాటు వాచ్‌మన్ కొడుకు, టార్చి వెయ్యబోయాడు.

అదే పోయింది. ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. సాధన అంటే ఆలోచన అవసరం లేకుండా చేసుకోవడమే కదా. వీణ వాయించేవాడి వేళ్లు ఆలోచించవు, జొన్నరొట్టె తట్టే మా అమ్మ చేయి ఆలోచించదు. చెయ్యి తిరిగిందని మెచ్చుకుంటాం. ఆత్మరక్షణ చట్టం మాత్రం ఆలోచించే మనిషినే ఊహించుకుంటుంది: ప్రమాదం నిజంగా ఉందని నమ్మడానికి కారణం ఉందా, పోలీసుల సాయం అందే వీలుందా, అవసరానికి మించి హాని చేశావా. ఈ ప్రశ్నలకు జవాబులు వెతికే తీరికను రెండు సెకన్లకు, ఒకటిన్నరకు కుదించే పని నేను డాబా మీద కూర్చుని చేయించాను. మరి ఆ రాత్రి ఏదైనా జరిగి ఉంటే తప్పు ఏ రాత్రిది? చీకట్లో చెయ్యి కదిలిన రాత్రిదా, నేను చప్పట్లు కొట్టిన సాయంత్రానిదా?

2021 అక్టోబర్‌లో అమెరికాలో 'రస్ట్' సినిమా కోసం ఒరలోంచి రివాల్వర్ తీయడం సాధన చేస్తుండగా అలెక్ బాల్డ్విన్ చేతిలో అది పేలి, ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. ట్రిగ్గర్ నొక్కలేదని ఆయన చెప్పాడు. దాన్ని తేల్చడం నా పని కాదు. కానీ "నేను పెట్టలే, అదే పోయింది" అన్నవాణ్ని ఎదురుగా చూశాక, అలాంటి మాటని అబద్ధమని కొట్టేయలేను, దాంతో లెక్క సరిపోయిందనీ అనలేను.

ఇంకొకటి. ఆ కుర్రాడు చనిపోయి ఉంటే ఏం జరిగిందో చెప్పేవాడు మావాడొక్కడే. వాడేం చెప్పేవాడో నాకు తెలుసు, నేనేం నమ్మేవాణ్నో కూడా తెలుసు. మా జిల్లాలోనే, 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు చనిపోయినప్పుడు వాళ్లు ఆయుధాలు లాక్కున్నారని పోలీసులు చెప్పారు. జనం పూలు చల్లారు. ఆ కథ నమ్మదగింది కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ చెప్పేసరికి 2022 వచ్చింది. పూలు చల్లినవాళ్లలో నేను లేను. అయితే ఆ పొద్దున నాకు కోపమూ రాలేదు.

సౌప్తిక పర్వంలో అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ అస్త్రాలు వేస్తారు. లోకం తగలబడేలా ఉందని నారదుడు, వ్యాసుడు మధ్యలో నిలబడతారు. అర్జునుడు వెనక్కి తీసుకుంటాడు. అశ్వత్థామకు అది చేతకాదు, తీసుకెళ్లి ఉత్తర గర్భం మీదికి మళ్లిస్తాడు. ఇద్దరికీ విద్య నేర్పింది ద్రోణుడే. చిన్నప్పుడు ఈ కథలో నాకు అశ్వత్థామ దుర్మార్గమే కనిపించేది. ఇప్పుడు సగం విద్య కనిపిస్తోంది. ప్రయోగం వచ్చు, ఉపసంహారం రాదు. నా స్టాప్‌వాచ్ కూడా తీయడానికే మొదలయ్యేది, తీయగానే ఆగిపోయేది.

ఇదంతా మావాడికి చెప్పాను, ఇంత వివరంగా కాదు. వాడు విన్నాడు. "కర్ణంగూడల వాళ్లకి ఆలోచించే టైమ్ ఎవడిచ్చిండు బావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తుపాకీ అమ్మేయమని అనలేకపోయాను. వాడి భయం నిజం. ఆ కుర్రాడి సెల్‌ఫోనూ నిజమే. గుండీ పట్టీ మాత్రం తీసేయొద్దన్నాను. తన మీద తనకు నమ్మకం లేని క్షణం కోసం ముందే తోలులో కుట్టించి పెట్టుకున్న కాస్త ఆలస్యం అది. తాగే ముందు బండి తాళాలు భార్యకి ఇచ్చేవాడి తెలివి లాంటిది.

జమేదార్ సాబ్ సాధన మార్చాడు. ఇప్పుడు తీసిన ప్రతిసారీ కాల్చడం ఉండదు. తీయాలి, ఎదురుగా ఆయన చేతిలో ఏముందో గట్టిగా చెప్పాలి, తిరిగి పెట్టాలి. ఫోన్, గొడుగు, తాళంచెవి, ఒకోసారి కూరగాయల కత్తి. మావాడు ఇంకా తప్పులు చెబుతున్నాడు. మొన్న గొడుగుని రాడ్డు అన్నాడు.

నిన్న సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే మళ్లీ అడిగాడు, ఒక్కసారి టైమ్ చూడు బావా అని. ఫోన్‌లో ఛార్జింగ్ లేదన్నాను. అబద్ధమే.