పదమూడు రోజుల గడువు

నిండు సభలో ఒక స్త్రీకి అవమానం జరిగితే ఆ పాపం ఎవరిదన్న ప్రశ్నను మహాభారతం రెండు కొలువుల్లో వేసింది. వాటిలో రెండోదైన విరాటుడి కొలువు తమ ఊళ్లోనే ఉండేదని ఖమ్మం జిల్లా నేలకొండపల్లివాసులు తరతరాలుగా చెప్పుకుంటారు, కీచకుడి పేరు మీద ఒక గుండాన్ని కూడా చూపిస్తారు. మత్స్యదేశపు రాజధాని రాజస్థాన్‌లోని బైరాట్ అని చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు గనుక ఈ స్థలపురాణాన్ని చరిత్రగా తీసుకోనక్కరలేదు. ప్రశ్నకు ఊరితో పని లేదు.

ఆడవాళ్లను వేధించే ప్రతివాణ్ణీ కీచకుడనే తెలుగు పత్రికలు రాస్తాయి గానీ, విరాటుడి పేరు మాత్రం తిట్టు కాలేదు. పైగా వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివించడం తెలుగునాట ఆనవాయితీ. సైరంధ్రి, అంటే రాణివాసంలో తలలు దువ్వి అలంకరించే పరిచారిక, ఆ వేషంలో ఉన్న ద్రౌపది, కీచకుడి ఇంటికి తనంతట తాను పోలేదు. అతని తోబుట్టువైన రాణి సుధేష్ణ, వద్దని వేడుకున్నా వినకుండా, మద్యం తెమ్మని పాత్ర చేతికిచ్చి పంపింది. తప్పించుకుని కొలువులోకి పరుగెత్తిన ఆమెను కీచకుడు వెంటాడి, జుట్టు పట్టి, రాజు కళ్లెదుటే తన్నాడు. మీ తగవు నా చాటున జరిగింది, నిజానిజాలు తెలియకుండా ఏం చెప్పగలనన్నది విరాటుడి జవాబు సారాంశం. తన్నడం ఎవరి చాటునా జరగలేదు. కానీ తన్నినవాడు సేనాపతి, బావమరిది. కంకుడనే పేరుతో అక్కడే ఉన్న ధర్మరాజు, అజ్ఞాతవాసం ఎక్కడ బయటపడుతుందోనన్న బెదురుతో, జూదానికి అడ్డం వస్తున్నావని ఆమెనే మందలించాడు.

ఆ రెండు కొలువుల్లో మొదటిదైన ద్యూతసభలో విదురుడు కశ్యపుడి మాటగా చెప్పిన లెక్క ఇక్కడ పనికివస్తుంది: నిందించవలసినదాన్ని సభ నిందించకపోతే పాపంలో సగం సభ పెద్దకు, నాలుగోవంతు చేసినవాడికి, మిగిలిన నాలుగోవంతు నోరు మెదపని సభ్యులకు పోతుంది, నిందిస్తే మొత్తం చేసినవాడి నెత్తినే పడుతుంది. చేసినవాడికి రెండింతలు పెద్దకు పడటం మొదట అతిగా తోచినా, కథ ముందుకు సాగేకొద్దీ న్యాయంగానే కనిపిస్తుంది, ఎందుకంటే కీచకుడు చచ్చాక అతని బంధువులైన ఉపకీచకులు సైరంధ్రిని శవంతోపాటు దహనం చేయడానికి కట్టి తీసుకుపోతామంటే, వారి బలానికి జంకి విరాటుడు అందుకూ సరేనన్నాడు.

నేలకొండపల్లి మట్టిలోనే మరో సభకు, అంటే బౌద్ధ సంఘానికి, ఆనవాళ్లున్నాయి. అక్కడ బయటపడిన మహాస్తూపం, విహారాలు సా.శ. 3, 4 శతాబ్దాల నాటివి. స్త్రీతో అసభ్యంగా మాట్లాడటాన్ని బౌద్ధుల వినయం, అంటే భిక్షువుల నడవడికి ఏర్పరచిన నియమావళి, 13 సంఘాదిశేషాల్లో, అంటే సంఘం కూడి శిక్ష విధించవలసిన తప్పుల్లో ఒకటిగా చేర్చింది. ఆ తప్పు చేసిన భిక్షువు ఆరు రాత్రులు, దాచిపెట్టి ఉంటే దాచినన్ని రోజులు అదనంగా, వరుసలో అందరికన్నా చివర కూర్చోవాలి. నమ్మదగిన ఉపాసిక, అంటే గృహస్థ జీవితంలో ఉంటూ బౌద్ధాన్ని అనుసరించే స్త్రీ, చెప్పిన మాట మీద విచారణ మొదలయ్యే నియమాలు మరో రెండున్నాయి. భిక్షుణులను భిక్షువుల కింద ఉంచిన నియమావళి కూడా ఇదేనని మరవకూడదు. అయినా చోటు మారవలసింది ఎవరన్న విషయంలో దానికి తడబాటు లేదు.

పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన భారతీయ చట్టం, విచారణ సాగుతుండగా బాధితురాలినో, ఎదుటివాణ్ణో బదిలీ చేయమని, లేదా ఆమెకు మూడు నెలల వరకు సెలవివ్వమని సిఫారసు చేసే అధికారాన్ని ఫిర్యాదు విచారించే కమిటీకి ఇచ్చింది, అయితే ఆమె రాతపూర్వకంగా కోరితేనే. ఆ షరతు ఎందుకో విరాటపర్వం చదివినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఉపకీచకులూ హతమయ్యాక, సైరంధ్రి ఉంటే నగరానికి ముప్పని విరాటుడు ఆమెను వెళ్లిపొమ్మన్నాడు, ఆ మాటైనా తాను అనలేక రాణితో చెప్పించాడు. అజ్ఞాతవాసంలో మిగిలిన మరో పదమూడు రోజులు ఓర్చుకోమని సైరంధ్రి అడగవలసి వచ్చింది, అదీ మద్యం తెమ్మని తనను పంపిన సుధేష్ణనే.