శక్తిగల ప్రార్థన ఏది?



మన సంఘములలో ప్రార్థనకు కొరత లేదు. ఉపవాస ప్రార్థనలు, గృహ కూడికలు, స్త్రీల కూటములు, ఆల్‌నైట్ ప్రార్థనలు జరుగుచునే యున్నవి. ఇప్పుడు తెల్లవారుజామున ఫోనులో కలిసి చేయు ప్రార్థన కూడ వచ్చినది. ఒకరు తమ కష్టము తెలిపిన నిమిషములోనే చేతులు జోడించిన బొమ్మలు ఇరువది వచ్చి పడును. అయినను, "ఎంతో ప్రార్థించాము, ఏమీ జరుగలేదు" అను మాట వినుచునే యున్నాము. కాబట్టి ఒక ప్రశ్న వేసికొనవలసి యున్నది. అడిగినది దొరికినయెడల అది శక్తిగల ప్రార్థన, దొరకనియెడల శక్తిలేని ప్రార్థన అని చెప్పవచ్చునా?

చెప్పరాదని నా అభిప్రాయము. గెత్సేమనే తోటలో మన ప్రభువు అడిగినను ఆ గిన్నె తొలగిపోలేదు. పౌలు మూడుసార్లు వేడుకొనినను ముల్లు ముల్లుగానే మిగిలెను. పైగా ఈ కొలత మిక్కిలి క్రూరమైనది. బిడ్డను పోగొట్టుకొనిన తల్లితో "నీ విశ్వాసము చాలలేదమ్మా" అని పలికినవారు మన మధ్యనే యున్నారు. 2014 జూన్ 28న ఇదే నగరములో, పోరూరు దగ్గర మౌలివాక్కములో, కట్టుచున్న పదకొండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల కూలీలు అనేకులు. కొడుకు క్షేమముగా తిరిగి రావలెనని ఆ ఊళ్లలో ఏ తల్లి మొక్కుకొనలేదు? ఆ తల్లి మొరలో శక్తి లేదని తీర్పు చెప్పుటకు మనమెవరము?

అయితే శక్తి ఎక్కడ కనబడును? మన తెలుగు బాప్టిస్టుల చరిత్రనే చూడుడి. శామ్యుల్ డే దొరగారు 1836లో విశాఖపట్నములో దిగి, 1837లో ఈ మద్రాసుకు వచ్చి, 1840లో నెల్లూరు చేరిరి. ఏండ్లు గడచినను విశ్వాసులను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు ఈ పనిని మూసివేయుదుమా అని చర్చించిరి. 1854 జనవరి 1న సూర్యోదయ వేళ, లైమన్ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, జూలియమ్మ, రూతమ్మ, క్రిస్టియన్ నరసు, ఈ అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి, క్రింద కనబడుచున్న ఊరి కొరకు ప్రార్థించిరి.

దిగి వచ్చిన తరువాత ఏమి జరిగెను? పదేండ్లకు పైగా ఒంగోలులో చెప్పుకొనదగినది ఏమియు జరుగలేదు! మన లెక్క ప్రకారము అది ఫలింపని ప్రార్థన. అయితే 1862లో జ్యూయెట్‌గారు ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్లినప్పుడు, పెద్దలు మరల మూసివేత మాట యెత్తగా, మీరు పంపకున్నను నేనొక్కడనే తిరిగి పోవుదునని ఆయన చెప్పెను. 1865లో క్లౌ దొరగారిని వెంటబెట్టుకొని వచ్చెను. 1867 జనవరి 1న, కొండమీది ప్రార్థనకు సరిగా పదమూడేండ్లకు, ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడెను. ఆ పదమూడేండ్లలో ఆ ప్రార్థన ఎక్కడ పని చేసినది? అడిగినవానిలోనే. వదలిపోవుటకు అన్ని కారణములును ఉన్నను అది ఆయనను వదలనీయలేదు.

దేవునికి ముందే తెలిసియుండగా మనము అడుగుట యెందుకని మన యువకులు ప్రశ్నించుచుందురు. మంచి ప్రశ్నయే. ఉపాధ్యాయ శిక్షణలో మాకు ప్రశ్న విలువను బాగుగా నేర్పిరి. "లెక్క అర్థము కాలేదు సార్" అను పిల్లవాడికి చెప్పుట కష్టము. "మూడవ మెట్టులో ఈ అంకె ఎక్కడనుండి వచ్చినది సార్" అని అడుగు పిల్లవాడు జవాబు దగ్గరకే వచ్చి నిలిచియున్నాడు. వాడికేమి తెలియదో మాస్టారుకు ముందే తెలియును. ప్రశ్న వాడి నోట రావలెనని ఆయన కాచుకొనియుండును. "దేవా, పేదలందరిని దీవించుము" అనునది మొదటి పిల్లవాడి మాట వంటిది. ఏ పేదవాడు? ఏ వీధి? అతనికేమి కావలెను? ఇవి తెలిసికొనకుండ చేయు ప్రార్థన ఎంత పెద్ద గొంతుతో చేసినను మనలను ఎక్కడికిని నడిపింపదు. (మైకు శబ్దము గురించి మరొకసారి వ్రాయుదును.)

1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరని వార్షికోత్సవములలో గర్వముగా చెప్పుకొందుము. దానికి ముందు రెండేండ్ల కరవును అంతగా తలచుకొనము. క్లౌగారు ఆ కరవులో ప్రార్థించి కూర్చుండలేదు. పూర్వము నేర్చిన సర్వే పని తెలిసినవాడు గనుక, బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరము త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. ఆ సహాయము నడచినంత కాలము బాప్తిస్మము ఇచ్చుట నిలిపివేసెను. కూటి కొరకు ఎవరును విశ్వాసమును నటింపరాదని ఆయన తలంపు. దేవునికి మొరపెట్టుట ఒక చేతితో, పార మరొక చేతితో పట్టిన మనిషి ఆయన.

ఆ కాలువే మన నగరములోనుండి పోవుచున్నది. మనము ముక్కు మూసికొని దాటుదుము. దాని వెంబడి, పాత మహాబలిపురము రోడ్డు పొడుగున, కట్టుచున్న భవనముల ప్రక్క రేకుల షెడ్లలో కూలీలు కాపురముందురు. ఒడిశా, బీహారు వారితోపాటు మన తెలుగువారును కలరు. మన తాతలు కూడ ఒకప్పుడు ఇట్లే ఈ ఊరికి పని వెదకుకొనుచు వచ్చినవారే. ఇప్పుడు మనము స్థిరపడితిమి. "వలస వచ్చినవారిని కాపాడుము తండ్రీ" అని ప్రతి ఆదివారము చెప్పుచున్నాము. చెప్పి ఇంటికి వెళ్లి భోజనము చేయుచున్నాము.

ప్రార్థన అంశములను నోటు పుస్తకములో వ్రాసికొను అలవాటు మనలో చాలమందికి కలదు. ఆ పేజీకి మూడు గళ్లు గీయుడి. మొదటిదానిలో తేది, రెండవదానిలో అంశము, మూడవదానిలో ఆ విషయమై ఈ వారము ఎవరు ఏమి చేయుదురో వ్రాయుడి. మంచము పట్టిన వృద్ధుని విషయములో ప్రక్కన కూర్చుండుట తప్ప మరేమియు ఉండకపోవచ్చును, దానినే వ్రాయుడి. షెడ్లలోని కుటుంబములకైతే చేయవలసినవి అనేకము. వారికి తమిళము రాదు, మనకు వచ్చును. ఆసుపత్రిలో చీటీ తీయించుట, పిల్లను బడిలో చేర్చుట, మేస్త్రీ బాకీపెట్టిన కూలి గురించి అడుగుట, వీటికి పక్కన ఒక మనిషి నిలువబడిన చాలును. వచ్చే బుధవారపు కూడికలో మూడవ గడిలో వ్రాయుటకు రెండు మూడు పేర్లు కావలెను.