ధనవంతుడికి లేని పేరు

యేసు ప్రభువు చెప్పిన ఉపమానాల్లో విత్తనాలు చల్లే రైతు ఉన్నాడు, ఇల్లు విడిచి తిరిగొచ్చిన కొడుకు ఉన్నాడు, దెబ్బలు తిన్న బాటసారిని ఆదుకున్న సమరయుడు ఉన్నాడు, నూనె చాలక చీకట్లో నిలబడిపోయిన కన్యకలు ఉన్నారు. వీళ్లెవరికీ పేరు లేదు. పితరుడైన అబ్రాహామును పక్కన పెడితే, ఆ కథలన్నిట్లో పేరున్నవాడు ఒక్కడే. లూకా సువార్త 16వ అధ్యాయంలో, ఒక ధనవంతుడి వాకిట్లో ఒంటినిండా కురుపులతో పడి ఉన్న లాజరు. ఖరీదైన బట్టలు కట్టుకుని రోజూ విందులు చేసుకున్న ఆ ఇంటి యజమాని పేరు ప్రభువు చెప్పనే లేదు.

మన ఊళ్లలో లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. డబ్బున్నవాడి పేరు బడి గోడ మీదా, బస్సు షెల్టరు మీదా, పండగ ఫ్లెక్సీల మీదా ఉంటుంది. అతని గుమ్మం ముందు చేయి చాచేవాడికి ఒక పేరుంటుందన్న ఆలోచనే ఎవరికీ రాదు. అయితే ఈ ఉపమానంలో అంతకంటే గుండెను తాకే సంగతి ఇంకొకటుంది. చనిపోయాక యాతనపడుతూ ఆ ధనవంతుడు, లాజరును పంపి తన నాలుక తడపమని అబ్రాహామును బతిమాలుకుంటాడు. అంటే ఆ బిచ్చగాడి పేరు అతనికి తెలుసు! తెలిసి కూడా బతికినన్నాళ్లూ ఆ పేరుతో పిలిచి ఒక్క పూట అన్నం పెట్టలేదు. ఇప్పుడైనా లాజరుతో మాట్లాడడు, పనికి పంపమని అబ్రాహామునే అడుగుతాడు. పేరు తెలిసి ఉండటం వేరు, ఆ పేరుతో మనిషిని దగ్గరకు పిలవడం వేరు. క్రైస్తవ విశ్వాసంలో పేరుకున్న విలువంతా ఆ పిలుపులోనే ఉందని నేను నమ్ముతాను.

హాగరు కథ చూడండి. ఆదికాండం 16వ అధ్యాయంలో యజమానురాలు శారయి ఆమెను దాసి అంటుంది, శారయి భర్త అబ్రామూ (తర్వాత అబ్రాహాము అయింది ఇతనే) దాసి అంటాడు. ఆమె కడుపులోని బిడ్డ గురించి ఇంత గొడవ జరుగుతున్నా ఆ ఇద్దరి నోటా ఒక్కసారి కూడా ఆమె పేరు రాదు. బాధ భరించలేక ఆ గర్భిణి ఎడారిలోకి పారిపోయింది. షూరుకు పోయే దారిలో ఒక నీటి బుగ్గ దగ్గర దేవదూత ఆమెను పేరుపెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అని అడిగాడు. ఆ అధ్యాయంలో ఆమెను ఏదైనా అడిగిన మొదటివాడు ఆయనే. తిరిగి ఆ ఇంటికే వెళ్లమన్న ఆయన మాట మనకు మింగుడు పడదు, పడనక్కర్లేదు కూడా. కానీ ఆ తర్వాత హాగరు చేసిన పని బైబిల్లో అంతవరకూ ఎవరూ చేయనిది. తనను చూసే దేవుడని ఆయనకే ఒక పేరు పెట్టింది. నోవహు పెట్టలేదు, అబ్రాహాము అప్పటికింకా పెట్టలేదు. పరిశుద్ధ గ్రంథంలో దేవునికి పేరు పెట్టిన తొలి మనిషి, యజమానుల నోట తన పేరు వినని ఐగుప్తు దాసి.

యాకోబు కథలో పేరు అడగటమే పరీక్ష. చూపు మందగించిన తండ్రి ఎవరు నువ్వని అడిగినప్పుడు, అన్న ఏశావు పేరు చెప్పి దీవెన కాజేశాడు. ఏళ్లు గడిచాక యబ్బోకు రేవు దగ్గర తెల్లవార్లూ తనతో పెనుగులాడిన వ్యక్తిని కూడా అతను దీవెనే అడిగాడు. పేరు చెప్పమన్నాడాయన. ఈసారి యాకోబు తన పేరే చెప్పాడు. ఏశావు ఏడుస్తూ ఎత్తిపొడిచిన పేరది, మోసానికి గుర్తుగా మిగిలిన పేరు. దాన్ని తన నోటితో ఒప్పుకున్నాకే ఇశ్రాయేలు అన్న కొత్త పేరు దక్కింది. అయినా దేవుడు పాత పేరును పారెయ్యలేదు. ముసలితనంలో, కొడుకును చూడటానికి ఐగుప్తుకు బయలుదేరిన యాకోబును రాత్రి దర్శనంలో ఆయన రెండుసార్లు పిలిచింది ఆ పాత పేరుతోనే. ఇశ్రాయేలు అన్న ఘనమైన పేరు కంటే ఆ రాత్రి పిలుపే నాకు ఎక్కువ ఓదార్పునిస్తుంది.

మరి విశ్వాసంలోకి వచ్చినవాళ్లు పేరు మార్చుకోవాలా? సౌలు మారుమనసు పొంది పౌలు అయ్యాడని ప్రసంగాల్లో తరచూ వింటుంటాం. అపొస్తలుల కార్యాలు అలా చెప్పవు. దమస్కు దారిలో వినపడిన స్వరం అతన్ని సౌలా అనే పిలిచింది. ఆ తర్వాత నాలుగు అధ్యాయాల వరకూ అతను సౌలే. 13వ అధ్యాయంలో, కుప్ర ద్వీపంలో, అతనికి పౌలు అనే పేరు కూడా ఉందని లూకా చెబుతాడు. అంటే రెండు పేర్లూ అతనివే. తొలి సంఘంలో ఫీబే, అపొల్లో, హెర్మే ఉన్నారు. అవి గ్రీకు దేవతల పేర్లతో ముడిపడినవి. వాటిని మార్చుకోమని పౌలు ఎవరికీ రాయలేదు. కతోలిక సంఘం 1983 నాటి ధర్మశాస్త్రం కూడా బిడ్డకు పునీతుల పేరే పెట్టాలని పట్టుబట్టదు. క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు పెట్టవద్దని మాత్రమే అంటుంది. అయినా జ్ఞానస్నాన క్రమంలో గురువు తల్లిదండ్రులను మొదట అడిగేది బిడ్డ పేరే.

మన దగ్గరా విశ్వాసంలోకి వచ్చినవాళ్లందరూ పేరు మార్చుకోలేదు. తెలుగు సంఘాలు నేటికీ పాడుకునే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి ఆ పేరుతోనే క్రీస్తును కీర్తించారు. ఒంగోలు ప్రాంతంలో మాదిగవాడల్లో సువార్తకు తొలి బాట వేసిన యెర్రగుంట్ల పేరయ్య చివరిదాకా పేరయ్యగారే. కరువు కాలం గడిచాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను గొప్పగా చెప్పుకుంటాం. కానీ బాప్తిస్మం అంకెకు ఇవ్వరు. ఏటిలోకి దిగింది ఒక్కొక్క మనిషే.

అయితే కొత్త పేర్లు పెట్టుకున్నవాళ్ల ఆరాటాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. తరతరాలుగా ఒరేయ్ అనో, పేరు చివర గాడు తగిలించో పిలిపించుకున్న వాడల్లో దేవదానం, ఆశీర్వాదం, సువార్తమ్మ, కరుణమ్మ అన్న పేర్లు పుట్టాయి. కతోలిక కుటుంబాల్లో పేతురుగారి పేరు రాయప్ప అయింది, సవేరియారు పేరు శౌరి అయింది, లూర్దు మాత పేరు లూర్దమ్మ అయింది. దేవదానాన్ని పిలవాలంటే ఎంతటి దొర నోటనైనా దేవుడి మాట రాక తప్పదు. గాడు అన్నది ఆ పేరు వెనక కూడా తగులుకున్న ఊళ్లు లేకపోలేదు. కానీ ఆదివారం సంఘంలో ఆ మనిషి దేవదానంగారే. వారానికి ఒక్కరోజైనా ఆ గారు వినిపించిన చోటును ఆ తరం తన ఇల్లుగా భావించింది.

ఇక్కడ ఒక నొప్పి ఉంది, దాన్ని దాటేసి పోలేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరుచుకుంది కానీ దళిత క్రైస్తవులకు తెరుచుకోలేదు. అందుకే ఎన్నో ఇళ్లలో సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు. బయటివాళ్లు వీళ్లను దొంగలంటారు. లోపలివాళ్లలో కొందరు విశ్వాసం చాలనివాళ్లంటారు. అలా అనేవారు దానియేలు గ్రంథాన్ని ఇంకోసారి తెరవాలి. హనన్యా, మిషాయేలు, అజర్యా అనే యూదా యువకులకు బబులోను అధికారి షద్రకు, మేషాకు, అబేద్నెగో అని పేర్లు మార్చాడు. మూడో అధ్యాయంలో బంగారు ప్రతిమకు మొక్కబోమని రాజు ముందు నిలబడ్డప్పుడు గ్రంథం వాళ్లను పిలిచేది ఆ కచేరీ పేర్లతోనే. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు అక్కడ ఒక్కసారి కూడా కనిపించవు. అగ్నిగుండంలో వాళ్ల పక్కన నడిచిన నాలుగోవాడు అందుకు వాళ్లను విడిచిపెట్టలేదు. సర్కారు కాగితం మీది పేరు విశ్వాసానికి కొలబద్ద అయితే ఆ మూడో అధ్యాయం బైబిల్లో ఉండేదే కాదు.

రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయాన్ని చాలామంది గబగబా తిప్పేస్తారు, అన్నీ పేర్లే కదా అని. నాకు మాత్రం అది సిద్ధాంతపు అధ్యాయాలకు ఏమాత్రం తీసిపోదు. ఫీబేతో మొదలై అకుల, ప్రిస్కిల్ల, మరియ, ఊర్బాను అంటూ పౌలు ఒక్కొక్కరినీ తలుచుకుంటూ, ఎవరు ఎంత కష్టపడ్డారో చెబుతూ పోతాడు. పౌలు చెబుతుంటే రాసిపెట్టిన తెర్తియు కూడా మధ్యలో తన పేరు చెప్పుకుని వందనాలు పంపుతాడు. చివర్లో క్వర్తు అనే సహోదరుడు వస్తాడు. లాటిన్‌లో ఆ పేర్లకు మూడోవాడు, నాలుగోవాడు అని అర్థం. బానిసల్లో తరచూ కనిపించే పేర్లవి. వరస సంఖ్యతో సరిపెట్టిన ఆ మనుషుల పేర్లు రెండు వేల ఏళ్లుగా సంఘాల్లో చదువుతూనే ఉన్నారు.

ఆ జాబితాలోనే ఒక తల్లి ఉంది. రూఫు తల్లి. ఆమె తనకూ తల్లేనని పౌలు ప్రేమతో రాశాడు కానీ పేరు రాయలేదు. మన సంఘాల్లోనూ ఇలాంటి తల్లులే ఎక్కువ. ఫలానావాడి అమ్మ, ఫలానావారి కోడలు, మూలింటి మామ్మ. ఉపవాస కూడికల్లో మోకాళ్ల మీద అందరికంటే ఎక్కువసేపు ఉండేది వాళ్లే. మన పిల్లల పేర్లన్నీ దేవుడి దగ్గర ఎత్తి ప్రార్థించేదీ వాళ్లే. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, వెనక చాప మీద కూర్చునే ఆ పెద్దావిడ పేరేమిటో అడగండి. మొదటిసారి ఆమె కొడుకు పేరే చెబుతుంది. మళ్లీ అడగండి.