అడిగి పుచ్చుకొనుట



మన దేహమునుండి తీసివేయబడి, ఇక పారవేయుటకే తగినదని తలంపబడిన దానిలో వేరొకరి ప్రాణమును నిలుపు మందు దొరికినయెడల, మనకు ఎవరైనను ఋణపడియుందురా? ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు.

గుండెకో మెదడుకో పోవు నాళములో రక్తము గడ్డకట్టినప్పుడు ఆ భాగము కొద్ది గంటలలోనే నశించును. అట్టి గడ్డను కరిగించు ఏర్పాటును సృష్టికర్త మన దేహములోనే ఉంచెను. టిష్యూ ప్లాస్మినోజెన్ యాక్టివేటర్ అను మాంసకృత్తు, రక్తములోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చును. ఆ ప్లాస్మిన్ గడ్డను కట్టియుంచు ఫైబ్రిన్ పోగులను త్రెంచివేయును.

అయితే ఆ మాంసకృత్తు మనలో నుండునది అతి స్వల్పము. 1979లో నెదర్లాండ్స్ దేశములో రైకెన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును స్త్రీల గర్భాశయ కణజాలమునుండి దానిని శుద్ధిచేసిరి. 5 కిలోల కణజాలమునుండి దొరికినది 1 మిల్లీగ్రాము మాత్రమే! రక్తపుగడ్డవలన పక్షవాతము వచ్చిన 60 కిలోల మనిషికి నేడిచ్చు మోతాదు 54 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక్క రోగికే 270 కిలోల కణజాలము కావలసియుండును.

కావున వేరొక దారి వెదకిరి. 1981లో బెల్జియములోని లూవెన్‌లో రైకెన్, కోలెన్ అనువారు మెలనోమా అను కేన్సరు కణములను పెంచి, వాటినుండి ఆ మాంసకృత్తును మరి సమృద్ధిగా తీసిరి. ఒకరి దేహములో మరణకరమైన కణములు అనేకుల జీవమునకు దారి చూపెను. పిమ్మట దాని జన్యువును హామ్‌స్టర్ అను చిట్టెలుక జాతి కణములలో ఉంచి మందు తయారుచేయ నేర్చిరి. అమెరికాలో అది 1987లో గుండెపోటుకును, 1996లో పక్షవాతమునకును అనుమతింపబడెను.

శాస్త్రజ్ఞుల పేర్లు గ్రంథములలో నిలిచినవి. ఆ 5 కిలోలు ఏ స్త్రీల దేహములలోనివో లోకము ఎరుగదు. "పారవేయుదానికి పేరెందుకు? వారికి నష్టమేమి?" అని కొందరందురు. నష్టము లేదన్నమాట నిజమే. అయినను నష్టము లేనంతమాత్రమున అడుగనక్కరలేదనవచ్చునా?

ఇట్టి తగవు మరియొక సంగతిలో న్యాయస్థానమునకు వచ్చెను. కాలిఫోర్నియాలో జాన్ మూర్ అను రోగి ప్లీహమును 1976లో తీసివేసిరి. దాని కణములనుండి పెంచినవాటిపై 1984లో పేటెంటు పుట్టెను. 1990లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, తీసివేసిన కణములు రోగి ఆస్తి కావనెను. కాని వైద్యుడు వాటిలో తనకున్న ప్రయోజనమును రోగికి ముందే తెలుపవలెననెను. వెల లేకపోవచ్చును, మాట మాత్రము ఉండవలెను.

దావీదు బేత్లెహేము బావి నీళ్లు కోరినప్పుడు, ముగ్గురు ఫిలిష్తీయుల దండులో చొరబడి తెచ్చిరి. అతడు త్రాగక యెహోవా సన్నిధిని పారబోసెను. ఆ పాత్రలో అతనికి కనబడినది నీళ్లు కాదు, తెచ్చినవారి ప్రాణము. మనము మందును పారబోయనక్కరలేదు. రోగిని చావనిచ్చుట భక్తి కాదు. కాని దావీదు చూచిన చూపు మనకు కావలెను.

అడుగక తీసికొనినది ఉపయోగపడవచ్చును గాని దానము కాజాలదు. ఇచ్చుటలోనున్న ధన్యతను ఇచ్చువారికి దక్కనిచ్చునది ఆ ఒక్క ప్రశ్నయే. కావున శస్త్రచికిత్సకు ముందు, తీసివేయుదానిని పరిశోధనకు ఇత్తువా అని వైద్యుడు మిమ్మునడిగినయెడల విసుగుకొనకుడి. తెలిసికొని, మనసార ఇయ్యుడి. మీరు పుచ్చుకొనువారైతే, ఆ చిన్న సీసాను చేత పట్టుకొనినప్పుడు పేరు తెలియని ఆ స్త్రీలను ఒక్క నిమిషము తలంచుకొనుడి.