మార్గాయాసము



ఇశ్రాయేలీయుల ప్రాణము అరణ్యములో పలుమారులు క్రుంగినది. ఎర్రసముద్రము ఎదుట ఫరో రథములను చూచి క్రుంగినది, మారాలో నీళ్లు చేదైనందున క్రుంగినది, వేగులవారి మాటలు విని రాత్రియంతయు ఏడ్చినది. అయితే సంఖ్యాకాండము 21వ అధ్యాయము 4వ వచనములో చెప్పబడిన కారణము వేరు. అప్పుడే వారు అరాదు రాజును జయించి యున్నారు. వెనుక తరుముకొని వచ్చువాడు లేడు. ఉన్నదల్లా త్రోవ. ఆ త్రోవ నడచుటవలననే జనుల ప్రాణము సొలసిపోయెనని లేఖనము తేటగా చెప్పుచున్నది. ఈ నెల ఈ ఒక్క సంగతిని పట్టుకొని ధ్యానించుదము.

ఆ త్రోవ ఎందుకంత దూరమైనదో తెలియవలెనన్న వెనుకటి అధ్యాయము చూడవలెను. మోషే కాదేషునుండి ఎదోము రాజునొద్దకు దూతలను పంపెను. మీ పొలములలో దిగము, ద్రాక్షతోటలలో అడుగు పెట్టము, కుడికైనను ఎడమకైనను తిరుగక రాజమార్గముననే సాగిపోవుదుమని బ్రతిమాలెను. మా మందలు మీ నీళ్లు త్రాగినయెడల వెల చెల్లింతుమని కూడ అనిపించెను. మనవాళ్లు ఇప్పుడు టోలు గేటువద్ద చెల్లించు రుసుము వంటిదే గదా! ఆ రాజమార్గము అకాబా సముద్రపు కొననుండి యొర్దానుకు తూర్పుగా దమస్కు వరకు పోయిన పాత వర్తకపు బాట. తిన్నని బాట. కాని ఎదోము ఖడ్గముతో వచ్చి దారికి అడ్డముగా నిలిచెను. కనుక ఇశ్రాయేలీయులు కనాను వైపు వీపు త్రిప్పి, ఎదోము చుట్టును తిరిగి దక్షిణమునకు నడువవలసి వచ్చెను. పోవలసిన చోటు తెలియును, పోవు బాట కన్నుల ఎదుట నున్నది, అయినను పోవుటకు వీలు లేదు. దేహపు అలసట కంటె ఈ నిలుపుదలయే మనుష్యుని ఎక్కువగా కాల్చును.

ఇది పట్నపువారి బాధ, పల్లెలో నున్న మనకేల అని ఎవరైనను అనుకొందురేమో. మన సంఘములలో హైదరాబాదునకు బిడ్డను పంపని ఇల్లు ఏది? ఒకరి కుమారుడు అక్కడ కారు నడుపుచున్నాడు, ఒకరి కుమార్తె ఆసుపత్రిలో నర్సుగా నున్నది, ఒకరి అల్లుడు మేస్త్రీ పనిలో నున్నాడు. ఉదయము తొమ్మిది గంటలకును, సాయంకాలము పొద్దు గ్రుంకు వేళకును అక్కడి బాటల స్థితి వారినే అడిగి తెలిసికొనుడు. కూకట్‌పల్లినుండి అమీర్‌పేట, పంజాగుట్ట వైపునకు, దిల్‌సుఖ్‌నగర్‌నుండి మలక్‌పేట, చాదర్‌ఘాట్ వైపునకు బండ్లు తేనెపట్టుమీది ఈగలవలె ఒకదాని నొకటి అంటుకొని నిలుచును. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చెను. 2018లో అది మియాపూర్‌నుండి ఎల్‌.బి.నగర్ వరకు 29 కిలోమీటర్లు పూర్తిగా నడువసాగెను. పైన రైలు పోవుచున్నను క్రింద బాట ఖాళీ కాలేదు. ఇక సంక్రాంతి వచ్చెనా, పట్నమంతయు ఒక్కసారిగా విజయవాడ బాటమీదికి దిగును. పూర్వము 9వ నంబరు బాట యనుచుండిరి, ఇప్పుడు 65. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అను మూడు చోట్ల టోలు గేట్లు. 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగ్ తప్పనిసరి చేసిరి. చిల్లర కొరకు తడవుకొనుట తప్పినది గాని, భోగికి ముందు రెండు దినములు పంతంగివద్ద వరుస ఎంత పొడవో చౌటుప్పల్ వారికి బాగుగా తెలియును.

ఆ వరుసలో కూర్చున్నవాని హృదయమును గూర్చియే మన చింత. ఇంటిలో మృదువుగా మాటలాడువాడు, ఆదివారమున కానుకల పళ్లెము పట్టువాడు, ముందున్న ఆటో ఒక్క క్షణము కదలనందున తన తల్లి వినగూడని మాట అనును. హారన్ మీద చేయి వేసి తీయడు. హారన్ కొట్టినచో ముందున్న లారీ గాలిలోకి లేచునా? లేవదని అతనికి తెలియును. అయినను కొట్టును.

ఇట్టి నిలుపుదల ఎట్లు పుట్టునో జపాను దేశపు విద్వాంసులు పరీక్షించి 2008లో ప్రచురించిరి. చుట్టుకొలత 230 మీటర్లు గల గుండ్రని బాట గీసి, అందులో 22 కార్లను దించి, అందరును గంటకు సుమారు 30 కిలోమీటర్ల చొప్పున సమముగా పొండని చెప్పిరి. ఆ బాటలో గేటు లేదు, గుంట లేదు, ఎర్రదీపము లేదు, అడ్డము వచ్చు పశువు లేదు. కొంతసేపు చక్కగా నడిచిరి. తరువాత ఒకడు రవంత వేగము తగ్గించెను. వెనుకవాడు మరి కొంచెము తగ్గించెను. వాని వెనుకవాడు ఇంకను ఎక్కువ. చివరకు కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయెను. ఆ ఆగుట అలవలె కారునుండి కారునకు వెనుకకు ప్రాకుచు పోయెను. అడ్డము పెట్టినవాడు ఎవడును లేడు, అయినను బాట మూసికొనిపోయెను.

గొర్రెల కాపరులకు ఇది క్రొత్త సంగతి కాదు. సాయంకాలము మందను దొడ్డిలోనికి తోలునప్పుడు, అన్నియు ఒక్కసారిగా తలలు దూర్చినచో తడిక తలుపు వద్ద ఒక్కటియు లోపలికి పోదు. వెనుకనుండి కర్రతో అదలించినకొలది ఇంకను బిగిసికొనును. తెలిసిన కాపరి కర్ర దించి ఊరకుండును.

వరుసలో ఉన్నవాడు తాను తప్ప తక్కిన అందరును అడ్డమనుకొనును. ఈ ట్రాఫిక్ ఎంత పాడు ట్రాఫిక్ అని విసుగుకొనును. అయితే వాని వెనుకనున్న మనుష్యుని కంటికి వాడే ట్రాఫిక్. పాపమును గూర్చి మనము మాటలాడు విధము కూడ ఇట్లే యున్నది. లోకము చెడిపోయినదని చెప్పువారు లోకమునకు వెలుపల ఎక్కడనో నిలిచియున్నట్లు చెప్పుదురు!

మరల అరణ్యమునకు వత్తము. త్రోవవలన అలసిన జనులు ఏమి చేసిరి? దేవునికిని మోషేకును విరోధముగా మాటలాడిరి. అనుదినము ఆకాశమునుండి కురిసిన మన్నా వారికి అసహ్యమాయెను. ఇక్కడ ఒక సంగతి గమనించుడి. దారి మూసినది ఎదోము. నిందలు పడినది మోషే. ఎదోము ఖడ్గము పట్టుకొని యుండెను గనుక వాని ఎదుట నోరెత్తలేదు. తమ నిమిత్తము దూతలను పంపి బ్రతిమాలిన ముసలివానిమీద, అదియును అన్నయగు అహరోనును హోరు కొండమీద పాతిపెట్టి వచ్చిన దుఃఖములో నున్నవానిమీద విరుచుకొని పడిరి. బాటమీది కోపము ఎప్పుడును ఇట్లే ఇల్లు వెదకుకొని పోవును. ఎల్‌.బి.నగర్ కూడలిలో పుట్టిన కోపము అక్కడ ఎవరిమీదను తీరక, రాత్రి ఎనిమిది గంటలకు ఇంటికి వచ్చి, అన్నము వడ్డించుచున్న భార్యమీద తీరును. కూరలో ఉప్పు లేదనును. కూరలో ఉప్పు సరిగానే యున్నది.

తాపకరమైన సర్పములు వచ్చుటయు, జనులు చచ్చుటయు, మోషే ఆ నిందించినవారి కొరకే ప్రార్థించుటయు, ఇత్తడి సర్పము ఎత్తబడుటయు మీకందరికి తెలిసినవే. యోహాను సువార్త 3వ అధ్యాయములో ప్రభువు దానిని తన సిలువకు గురుతుగా చెప్పెను. అయితే ఆ అధ్యాయములో లేని సంగతి ఒకటి కూడ మనము చూడవలెను. సర్పపు కాటుకు స్వస్థత కలిగిన తరువాత ఎదోము దారి తెరిచెనా? తెరువలేదు. రాజమార్గము మూసియే యుండెను. వారు లేచి ఓబోతులో దిగి, అక్కడనుండి ఈయ్యె అబారీమునకు పోయి, ఆ దూరపు త్రోవనే నడిచిరి. దేవుడు వారి నోళ్లలోని విషమునకు మందు ఇచ్చెనే గాని దూరమును తగ్గింపలేదు. కొన్ని కూటములలో, ప్రార్థించితిని, సిగ్నలు వెంటనే పచ్చగా మారినది అను సాక్ష్యములు వినుచున్నాము. వారి కృతజ్ఞతను మేము కాదనము. కాని అదే క్షణమున అడ్డబాటలో నున్నవారికి ఎర్రదీపము పడినది గదా. వారిలో ప్రార్థించువారు లేరా?

ఇక లూకా సువార్త 8వ అధ్యాయము చూతము. యాయీరు సమాజమందిరపు అధికారి. ఇంచుమించు పండ్రెండేండ్ల ఒక్కతే కుమార్తె చావ సిద్ధముగా నున్నది. ప్రభువు అతనితో బయలుదేరెను. త్రోవలో జనసమూహము ఆయనను నొక్కుచుండెను. ఇక్కడ లూకా వ్రాసిన గ్రీకు మాటకు ఊపిరాడకుండ బిగించుట అని భావము. విత్తువాని ఉపమానపు వివరణలో, ఐహిక చింతలు మొలకను అణచివేయునని చెప్పుచు 14వ వచనములో వాడినదియు ఈ మాటయే. ముండ్లపొద మొక్కను బిగించునట్లు ఆ దినమున జనులు బాటను బిగించిరి. అందులో, పండ్రెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ఒకతె వచ్చి ఆయన వస్త్రపు అంచును ముట్టెను. ప్రభువు ఆగిపోయెను. ఎవరు ముట్టిరని అడిగి, ఆమె వణకుచు వచ్చి సంగతియంతయు చెప్పువరకు నిలిచియుండెను.

యాయీరు ఆ వేళ ఏమనెనో సువార్తికుడు వ్రాయలేదు. ఒక్క మాటయు లేదు. మనలో ఎవరైనను అక్కడ ఉండినయెడల, ప్రభువా, ఈమె పండ్రెండేండ్లు ఓర్చుకొన్నది, మరి ఒక గంట ఓర్చుకొనలేదా అని అందుము. యాయీరునకు ఆ స్త్రీ త్రోవలో అడ్డము. ప్రభువునకు ఆమె కుమార్తె. ఆమెను ఆ పేరుతోనే పిలిచెను. ఇంటివద్ద యాయీరు కుమార్తె, బాటమీద ప్రభువు కుమార్తె.

ఇక్కడితో ఆపి, ఆలస్యములో మేలున్నదని చెప్పి ముగించుట మాకు సులభమే. కాని లేఖనము అట్లు చెప్పదు. ఆయన ఇంకను మాటలాడుచుండగానే, చిన్నది చనిపోయెనను వర్తమానము వచ్చెను. ఆ నిలుపుదలలోనే ఆమె ప్రాణము పోయెను. మన రాష్ట్రములో 2005లో 108 అంబులెన్సులు మొదలైన నాటినుండి ఎందరి ప్రాణములో నిలిచినవి. అయినను బాట బిగిసికొన్నందున ఆసుపత్రి గుమ్మము చేరకముందే కన్నుమూసినవారు కలరు. అట్టి ఇంటికి పోయి, ఇది దేవుని సమయము అమ్మా అని చెప్పువారిని చూచుచున్నాము. దయచేసి అట్లు చెప్పకుడి. ప్రభువు యాయీరుతో అట్లనలేదు. భయపడవద్దు, నమ్ముమని మాత్రము చెప్పి అతనితో కూడ ఇంటివరకు నడిచెను. బిడ్డ తిరిగి లేవని యాయీరులు మన సంఘములలో నున్నారు. వారికి పునరుత్థానపు నిరీక్షణ కలదు, అది స్థిరమైనది. కాని వారి ప్రక్కన ఇంటివరకు నడచువారు కూడ కావలెను.

అంబులెన్సునకు దారి ఇయ్యనివానికి పదివేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు చెర గాని, రెండును గాని విధింపవచ్చునని 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. మంచిదే. కాని సైరను వినబడగానే దారి విడచి, ఆ వెనువెంటనే దాని వెనుకనే తన బండిని దూర్చువాని గూర్చి ఏ చట్టమును చాలదు.

ఇంతయు పట్నము మాటయేనా? కోతల కాలములో మన ఊరి తారు బాటకు ఒక ప్రక్కయంతయు ధాన్యము ఆరబోయబడి యుండును. చుట్టును రాళ్లు పెట్టుదురు. ఆరబెట్టుటకు కల్లములు చాలవు, వాన ఎప్పుడు వచ్చునో తెలియదు, రైతు కష్టము మేము ఎరుగుదుము. కాని రాత్రి పట్టాలు కప్పి ఆ రాళ్లను అట్లే విడిచి ఇంటికి పోయినచో, దీపము సరిగా లేని మోటారు సైకిలుమీద వచ్చువాని గతి యేమి? ఎత్తి ప్రక్కన పెట్టుటకు పది నిమిషములు పట్టునా? మట్టల ఆదివారపు ఊరేగింపులును, క్రిస్మసు నక్షత్రపు ఊరేగింపులును అట్టివే. కొన్ని సంఘములు బాట వెడల్పంతయు ఆక్రమించి నడచుట గొప్ప సాక్ష్యమనుకొనుచున్నవి. సగము బాట విడిచి నడచినను పాట వినబడును. పెద్దలు ఇద్దరు ముందును, ఇద్దరు వెనుకను ఎర్రగుడ్డ పట్టుకొని నిలిచి, వచ్చు బండ్లను పంపవలెను. ఆ పని చేయువారికి పాట పాడు భాగ్యము తప్పవచ్చును గాని, వారి పరిచర్య తక్కువది కాదు.

యాయీరు కథలో చివరి మాట చాలమంది చదువక విడిచిపెట్టుదురు. చిన్నది లేచినది, తలిదండ్రులు విస్మయము నొందిరి. అప్పుడు ప్రభువు చెప్పినది, ఆమెకు తినుటకేమైన పెట్టుడని. మృత్యువును జయించినవాడు ఆ బిడ్డ ఆకలిని మరువలేదు.

రానున్న సంక్రాంతికి మీ పిల్లలు మధ్యాహ్నమునకు వత్తుమని చెప్పి, పంతంగివద్ద చిక్కుకొని, ఏ రాత్రి పన్నెండు గంటలకో వచ్చెదరు. అల్లుని ముఖము గంటు పెట్టుకొని యుండును, మనుమలు నిద్రలో ఏడ్చుచుందురు, కుమార్తె ఎవరితోను మాటలాడదు. ఇంత ఆలస్యమేమి, ముందుగా బయలుదేరలేకపోయితిరా అని గడపలో నిలిచి అడుగకుడి. పొయ్యిమీద వేడినీళ్లుంచుడి. అన్నము ఆరిపోకుండ మూత పెట్టియుంచుడి.