చేయు పనిలోనే స్వామి సన్నిధి

"ఇంటిపనులతోనే ప్రొద్దు క్రుంకుచున్నది, ఇక ధ్యానమునకు తీరిక ఎక్కడిది?" అని గృహస్థులు తరచుగా వాపోవుదురు. పని వేరు, ధ్యానము వేరు అని తలచుటయే ఈ చింతకు మూలము.

మిర్యాలగూడ ప్రాంతమున, కృష్ణా మూసీ సంగమతీరమున వాడపల్లి శ్రీలక్ష్మీనృసింహస్వామి వెలసియున్నాడు. గర్భాలయమున స్వామి ముఖమునకు ఎదురుగానున్న దీపము రెపరెపలాడుచుండగా, పాదముల చెంతనున్న దీపము నిశ్చలముగా నుండునందురు. ఆ కదలిక స్వామి ఉచ్ఛ్వాసనిశ్వాసముల వలననేయని భక్తుల విశ్వాసము.

అచ్చట నిలిచిన యాత్రికుని కన్నులు దీపముపై నున్నను, మనస్సు తిరుగు బస్సుపై నుండవచ్చును. మరి సూర్యాపేటలోనో, కోదాడలోనో ధనుర్మాసపు వేకువను వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలిని చూడుడు. చుక్క తప్పినచో గీత కలియదు. కనుక ఆమె చూపు, చేయి, తలపు ఒక్కచోటనే నిలుచును. ప్రొద్దెక్కునప్పటికి ముగ్గు చెరిగిపోవునని ఆమె ఎరుగును. అయినను గోదాదేవిని తలచుచు మరునాడు మరల పెట్టును.

అయితే ఏకాగ్రత యొక్కటియే భక్తి యగునా? కాదు. చేపకై కాచుకొన్న కొంగకును ఏకాగ్రత కలదు. సాగరు ఎడమకాలువ క్రింద పండిన ధాన్యమును తూచువాని చూపు కాటాపైననే యుండును. అది తన లాభమునకే యైనచో కొంగజపము. రైతుకు గింజయైనను నష్టము రాకూడదని యైనచో ఆరాధనము. గీతలో భగవానుడు అర్జునుని యుద్ధము మానుమనలేదు. తన్ను స్మరించుచు యుద్ధము చేయుమనెను.

కావున, భక్తులారా! బియ్యములో రాళ్ళేరునపుడు, పూలమాల కట్టునపుడు మనస్సు పరుగిడినచో, ఒక్క శ్వాసకాలము వాడపల్లి దీపమును తలచుకొని, మరల చేతిలోని పనికి రండు. స్వామి సన్నిధి అచ్చటనే కలదు.