తళుకు మనది, తొట్టి ఎవరిది?



పాత అంబాసిడర్ కారును గాని, పాత బుల్లెట్టును గాని అమ్మక దాచుకొన్న కుటుంబములు మన కంప్లి చుట్టుపట్ల కేంపులలో ఇంకను అక్కడక్కడ గలవు. పెండ్లికి బండి తీసినపుడు ముందుగా తుడిచేది బంపరునే. దానిలో ముఖము కనబడవలెను! ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినది. ఇప్పటి కార్ల బంపరులు ప్లాస్టికువి, వాటికి కారు రంగే వేయుదురు. గ్రిల్లు మీదను, తలుపు పిడుల మీదను మిగిలిన కొద్ది మెరుగు కూడ చాల బండ్లలో నలుపుగా మారుచున్నది. వెనుకటి అందము ఏమైపోయెనని పెద్దలు అడుగుదురు. బరువు, ఖర్చు, ఫేషను, ఇవన్నియు కారణములే. అయితే పర్యావరణ చట్టములు కూడ ఒక కారణము. వాటివెనుక ఒక ధర్మసందేహమున్నది గనుక దానిని గూర్చి మీతో కొంత మాట్లాడగోరుచున్నాము.

క్రోమియము పూత ఎట్లు వేయుదురో చాలమందికి తెలియదు. ఇనుప బంపరును సానబట్టి, మొదట రాగి, పిదప నికెలు ఎక్కింతురు. చివరకు క్రోమిక్ ఆమ్లము నింపిన తొట్టిలో ముంచి కరెంటు పంపుదురు. ఆ చివరి పూత మన తలవెంట్రుక మందములో నూరవ వంతు కూడ ఉండదు. పంపిన కరెంటులో పూతకు పనికివచ్చునది మహా అయితే అయిదవ వంతు. మిగిలినది చాలవరకు హైడ్రోజను బుడగలు పుట్టించుటకే పోవును. ఆ బుడగలు పైకి వచ్చి పగిలినపుడు ఆమ్లపు తుంపర గాలిలో కలియును. తొట్టిప్రక్కన నిలువబడినవాడు దానిని పీల్చును. ఏండ్లు గడిచినకొలది కొందరికి ముక్కులోని నడిమి గోడకు రంధ్రము పడును, చేతులమీద త్వరగా మానని పుండ్లు లేచును. హెక్సావేలెంట్ క్రోమియము అను ఈ రకము కేన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 1990లో తేల్చి చెప్పెను.

ఇందులో ఒక వింత గలదు. తయారైన బంపరులో ఆ విషము లేదు. అది శుద్ధమైన లోహము. చంటిబిడ్డ తాకినను ఏమియు కాదు. విషమంతయు తొట్టివద్దను, వస్తువును కడిగిన నీళ్లలోను నిలిచిపోవును. కొన్నవాడు తళుకును ఇంటికి తెచ్చుకొనును. చేసినవానికి తొట్టి మిగులును. "మేము డబ్బిచ్చి కొంటిమి, ఎవరినీ మోసగించలేదు" అని మనము అనవచ్చును. నిజమే. కాని మనమిచ్చిన ధరలో ఆ మనిషి ముక్కు ఖరీదు కలిసియున్నదా? కలిసియుండినయెడల ఆ పని అంత చౌకగా జరిగెడిది కాదు.

దూరపు మాటయని అనుకొనవద్దు. చిత్తూరు సరిహద్దుకు దగ్గరలోనే తమిళనాడులో రాణిపేట యున్నది. అక్కడ తోళ్ల పరిశ్రమకు క్రోమియము రసాయనములు చేసిన కర్మాగారమొకటి 1990ల మధ్యలో మూతబడెను. అది విడిచిపోయిన వ్యర్థపు గుట్ట లక్షన్నర టన్నులకు పైమాటే. దానినుండి ఊరిన క్రోమియము భూగర్భ జలములో కలిసినది. అది బండ్ల పూతకు సంబంధించిన కర్మాగారము కాదు గాని విషము ఒక్కటే. ఆ తోళ్లతో చేసిన చెప్పులు తొడిగినవారికి రాణిపేట ఎక్కడున్నదో కూడ తెలియదు.

మనమట్టుకు దిగువ నీటివారము. 1953లో డ్యాము నీరు వచ్చిన తరువాత మన పెద్దలు కోస్తా జిల్లాలనుండి ఈ తుంగభద్రను నమ్ముకొనియే వచ్చిరి. ఇదే నదికి ఎగువన, హరిహర వద్ద నున్న పాలీఫైబర్సు కర్మాగారపు మురుగు విషయమై 1980లలో తీరగ్రామములవారు ఎస్.ఆర్. హిరేమఠ్ గారి సమాజ పరివర్తన సముదాయముతో కలిసి పోరాడిరి. ఆ నూలు చొక్కాలు తొడిగినవారు ఆ నీటిని చూచియుండరు. ఎగువవాడు విడిచినది దిగువవాడు త్రాగవలసి వచ్చినపుడు ఎట్లుండునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ బంపరు సంగతిలో మాత్రము ఎగువనున్నది మనమే.

చట్టములు ఆలస్యముగానైనను వచ్చినవి. ఐరోపా దేశములలో 2017 సెప్టెంబరు 21 తరువాత ప్రత్యేక అనుమతి లేనిదే ఆ ఆమ్లమును వాడరాదని నిర్ణయించిరి. కాలిఫోర్నియా 2023లో చేసిన నిబంధన అలంకారపు పూతకు 2027ను, కొన్ని షాపులకు 2030ను గడువుగా పెట్టెను. మన దేశములో నదిలోనికి వదలు మురుగులో ఈ క్రోమియము లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదు. (ప్లాస్టికు గ్రిల్లైతే దోషము లేదనుకొనవద్దు. ప్లాస్టికుకు పూత పట్టించుటకు కూడ మొదట క్రోమిక్ ఆమ్లములోనే నానబెట్టుట వాడుక.)

అయితే తొట్టివద్ద పనిచేయువాని ప్రక్కనుండి కూడ చూడవలెను. హైదరాబాదు బాలానగర్ వంటి చోట్ల చిన్న చిన్న షెడ్లలో ఈ పనితో పిల్లలను చదివించినవారున్నారు. నీటిని శుద్ధిచేయు యంత్రము పెద్ద కంపెనీ పెట్టుకొనగలదు, నలుగురు కూలీలున్న షెడ్డు పెట్టుకొనలేదు. దానికి తాళము వేసిన మాత్రమున విషము పోవునా? పని ఊరి వెలుపల మరియొక చాటు చోటికి పోవచ్చును, ఒక దేశము కాదన్నది మరియొక దేశములో తయారుకావచ్చును. అట్లని చట్టము వద్దని మేము అనము. లెక్కలోనున్న తొట్టిని మూసి, లెక్కలోలేని తొట్టికి దారి తీయు చట్టము సగము చట్టమే. షెడ్లన్నిటికి కలిపి ఒక శుద్ధికేంద్రము కట్టి, ఆ ఖర్చులో తళుకు కోరినవారు కూడ పాలు పంచుకొనుట న్యాయమని మాకు తోచుచున్నది.

వేరొక మార్గము కూడ గలదు. ట్రైవేలెంట్ క్రోమియమను రకముతో ఇదే పూత వేయవచ్చును. దాని విషము ఎంతో తక్కువ. రసాయనము ఖరీదు ఎక్కువ, తొట్టిని జాగ్రత్తగా చూచుకొనవలెను గనుక షాపువాడు కొంత ఎక్కువే అడుగును. ఆ మెరుగు పాతదానికన్న రవ్వంత నలుపు తిరిగియుండునని పనివారు చెప్పుదురు. రెండు బంపరులు ప్రక్కప్రక్కన పెట్టి చూచినగాని తెలియదు. పెండ్లి ఫోటోలో ఎవరును గుర్తుపట్టరు.